బందరు బాట, నాగసాకి రేవు

మా పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో నిలిచి తూర్పుమొగముగా చూచినచో పటాన్‌చెరు, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడల మీదుగా పోవు పెద్దబాట కనబడును. పుణె నగరమున బయలుదేరి మచిలీపట్నమున ముగియు 65వ జాతీయ రహదారి యిది. వెనుక దీనిని 9వ సంఖ్య బాట యనెడివారు. మందుల కర్మాగారముల సరుకును, ఇనుప సామానును మోసికొని రాత్రింబవళ్ళు లారీలు దీనిమీద పోవుచునే యుండును. ఈ బాట ఎక్కడికి పోవునని మా ఊరి పిల్లల నడిగినచో హైదరాబాదునకని చెప్పుదురు. పెద్దలలో కొందరు విజయవాడ యందురు. బందరని చెప్పువారు అరుదు.

గోలకొండ సుల్తానుల కాలమున ఈ దేశమునకు సముద్రద్వారము బందరే. నాటి ఎడ్లబండ్ల బాట అడుగడుగునకు ఇదియే యని నేను చెప్పను; దిక్కు మాత్రమిదియే. 1652లో తావెర్నియే యను ఫ్రెంచి వజ్రాల వర్తకుడు బందరులో దిగి గోలకొండకు వచ్చెను. బందరు కడ బాట ముగిసినను సరుకు ప్రయాణము ముగియలేదు. అది ఓడ లెక్కి మలయా దీవుల వైపు సాగెను. అందులో కొంత ఇంకను ముందునకు, తూర్పుసముద్రముల కడకొన వరకు పోయి, కొండల నడుమ నున్న ఒక చిన్న రేవులో దిగెను. ఆ రేవు పేరు నాగసాకి. ఆ పేరు వినగానే మనవారికి 1945 నాటి అణుబాంబు తప్ప వేరొకటి తోచదు. అది తోచవలసినదే. కాని అంతకు మూడువందల యేండ్లకు పూర్వమే ఆ యూరికిని మన తెలుగు నేతగాండ్రకును లెక్కాచారము గల సంబంధ ముండెను. నేను నాగసాకిలో నాలుగు దినములుంటిని. ఆ సంబంధమును మనస్సున నుంచుకొనియే ఊరంతయు తిరిగితిని.

నాగసాకి క్యూషూ ద్వీపమునకు పడమటి కొననున్నది. ఫుకువోకా నగరమునుండి రైలులో పోయితిని. నడుమ తకెవో యను చోట బండి మారవలెను. అక్కడినుండి 2022లో తెరచిన వేగపు రైలుమార్గము కలదు. అరగంటలో ఊరు చేర్చును. దారిలో సగమునకు మించి సొరంగములే యగుటచే కిటికీ ప్రక్కన కూర్చుండినవానికి చూచుటకు చీకటియే మిగులును. కొండలను తొలిచి పోవుట తప్ప ఆ ఊరికి నేలదారి లేదని అందువలన తెలిసినది. వెనుకటి కాలమున దానికి సముద్రమే రాజవీధి.

ఊరు విస్తరాకు దొప్పవలె నుండును. అడుగున నీరు, చుట్టునున్న అంచులు కొండలు. ఒక వైపున అంచు కొంచెము చిరిగినట్లుండి ఆ చీలికగుండ సముద్రము సన్నని పాయగా లోపలికి చొచ్చుకొని వచ్చినది. సమతలము చాల తక్కువ. ఉన్నదానిలో కొంత సముద్రమును పూడ్చి సంపాదించినదే. కావున ఇండ్లు కొండవాలున మెట్లు మెట్లుగా పైకి పోయినవి. ఎన్నో యిండ్లకు బండి పోదు, మెట్లే వీధులు. జపానులో ప్రతి యూర కనబడు సైకిళ్ళు ఇక్కడ అరుదు. మంజీర ఒడ్డున సమనేలమీద నడచిన నా కాళ్ళకు మొదటి దినముననే ఈ సంగతి బోధపడినది. నాకంటె పది యేండ్లు పెద్దయైన అవ్వ యొకతె కూరల సంచితో ఆ మెట్లెక్కి నన్ను దాటిపోయినది. వీధులలో 1915 మొదలు నడచుచున్న ట్రాము బండ్లున్నవి. ముసలివారికి అవియే దిక్కు.

రేవునకు పడమట ఇనాసా యను కొండ కలదు. ఎత్తు 333 మీటర్లు. తీగమీద వ్రేలాడు పెట్టెలో కూర్చుండి పైకి పోవచ్చును. సందెవేళ పోయి చీకటి పడువరకు నిలిచితిని. దీపములు ముందు నీటి యంచున వెలిగి, పిమ్మట వాలు వెంట పైపైకి ప్రాకి, కట్టకడపట కొండల తలలు మాత్రము నల్లగా మిగిలినవి. జనులు ఈ దృశ్యము కొరకే దూరదేశములనుండి వత్తురు. నాకు మాత్రము అక్కడ ఆ రేవు చరిత్ర యంతయు చిత్రపటము పరచినట్లు కనబడినది. నీరు లోతు, గాలివానలకు కొండలు అడ్డు. సముద్రద్వారము ఇరుకు గనుక కోరినప్పుడు మూయవచ్చును. దక్షిణమున నోమొ యను భూశిరము కొననుండి కావలివారు ఓడను దూరముననే పసిగట్టి వార్త పంపెడివారు. పరదేశిని రానిచ్చియు ఇంటిలోనికి రానీయక అరుగుమీదనే కూర్చుండబెట్ట దలచిన ప్రభువునకు ఇంతకంటె తగిన చోటు దొరకదు.

1571కి పూర్వము ఇది పల్లెకారుల చిన్న యూరు. ఆ యేట ఒమురా సుమితాదా యను ప్రభువు బుడతకీచుల ఓడలకు ఈ రేవును తెరచెను. అతడు క్రైస్తవ మతము పుచ్చుకొన్న మొదటి జపాను ప్రభువు. వర్తకముతోపాటు పాదిరీలు వచ్చిరి. ఊరు పెరిగెను, చర్చీలు లేచెను. దేశము నంతను ఒక గొడుగు క్రిందికి తెచ్చుకొనుచున్న పెద్ద ప్రభువులకు ఇది రుచింపలేదు. 1597 ఫిబ్రవరి 5వ తేదీన ఇరువదియాఱుగురు క్రైస్తవులను నిషిజాకా గుట్టమీద శిలువలకు కట్టి బల్లెములతో పొడిచి చంపించిరి. ఆ గుట్టమీద నేడు వారి విగ్రహముల గోడ కలదు. ఆ వరుసలో గొన్సాలో గార్సియా యను పేరు చదివి నేను కొంతసేపు నిలిచిపోయితిని. అతడు మన దేశమువాడే. బొంబాయికి చేరువనున్న వసయిలో పుట్టినవాడు. తండ్రి బుడతకీచువాడు, తల్లి కొంకణపు స్త్రీ.

పిమ్మట కట్టడులు బిగిసినవి. 1614లో క్రైస్తవమును దేశమంతట నిషేధించిరి. 1637లో షిమబారాలో రైతులు తిరుగబడిరి. వారిలో ననేకులు క్రైస్తవులు. ఆ తిరుగుబాటు నణచి 1639లో బుడతకీచుల రాకను సంపూర్ణముగ మాన్పించిరి. మరుసటి యేట మకావునుండి వర్తకము మరల కోరుచు వచ్చిన రాయబారులను, వారితో వచ్చినవారిని 61 మందిని తలలు కొట్టించి, ఆ వార్త చెప్పుటకు కొందరిని మాత్రము ప్రాణములతో త్రిప్పి పంపిరి. ఐరోపావారిలో మిగిలినవారు డచ్చివారొక్కరే. మతము మాట యెత్తక బేరము మాత్రము చేసికొందుమని వారు నమ్మబలికిరి.

ఈ డచ్చివారు మనకు కొత్తవారు కారు. మన తాతలు వీరిని వలందావా రనిరి. బందరులో నేటికిని వలందపాలెమను పేట కలదు; దానితోపాటు ఇంగ్లీషుపాలెము, పరాసుపేట యనునవియు నున్నవి. గోలకొండ సుల్తానునుండి 1606లో ఫర్మానా పొంది వారు బందరులో వర్తకశాల నడిపిరి. తరువాత పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్నము లందును, ఖమ్మము సీమలోని నాగులవంచలోను, హైదరాబాదు నగరమునందును వారి కొట్లుండెడివి. ఇక్కడ సుల్తానుల కొలువులో సలాములు చేసి బట్ట కొన్న కుంఫిణీయే అక్కడ జపాను ప్రభువునకు మోకరిల్లి ఆ బట్ట నమ్మెను. ఈ సంగతి తెలిసినవాడు నాగసాకిలో మొదట చూడగోరునది దెజిమా.

దెజిమా యనునది మనుష్యులు కట్టిన ద్వీపము. బుడతకీచులను ఒక్కచోట నుంచుటకై ఇరువదియైదుగురు నాగసాకి వర్తకులు సొమ్ము పెట్టి 1636లో దీనిని ముగించిరి. ఆకారము విచ్చిన విసనకర్రవలె నుండును. మొత్తము నాలుగెకరములకు మించదు. మన వైపున సామాన్య రైతు చెలక యంత. బుడతకీచులను వెడలగొట్టిన పిమ్మట ఖాళీగా నున్న ఈ చెలకలోనికి 1641లో డచ్చివారిని త్రోసిరి. అప్పటినుండి రెండువందల యేండ్లకు పైగా జపానునకు ఐరోపాతో నున్న వర్తకపు వాకిలి యిదొక్కటే. దానికి ఒకే వంతెన. వంతెన కడ కావలి. అనుమతి లేక డచ్చివాడు ఊరిలో అడుగు పెట్టరాదు. ఊరివారును ఊరక లోపలికి పోరాదు. నేలకు అద్దె సహితము డచ్చివారే కట్టవలెను. వారి పెద్ద యేటేట వందల కోసుల దూరమున నున్న యెదో నగరమునకు, అనగా నేటి టోక్యోకు, కానుకలతో పోయి ప్రభువు దర్శనము చేసికొని రావలసియుండెను. మన దేశమున కోటలు కట్టి ఫిరంగులు నిలిపినవారు అక్కడ ఇట్లు ఒదిగి యుండిరనిన వినుటకు వింతగా నుండును.

ఇప్పుడు దెజిమా చుట్టును సముద్రము లేదు. 19వ శతాబ్దపు చివరను, 20వ శతాబ్దపు మొదటను రేవును బాగుచేయుచు చుట్టునున్న నీటిని పూడ్చిరి. ద్వీపము ఊరి నడుమ చిక్కి కనబడక పోయెను. నాగసాకి పురపాలకులు దానిని మరల వెదకి తీసిరి. నేలను త్రవ్వి పాత రాతిగట్టులను వెలికి తెచ్చిరి. పాత చిత్రములను, లెక్కలను చూచి ఒక్కొక్క యిల్లు మరల కట్టుచు వచ్చిరి. 2017లో పాత వంతెన చోటుననే కొత్త వంతెన వేసిరి. నేను ఆ వంతెన మీదుగనే లోపలికి పోయితిని. పెద్దదొర యుండిన యిల్లు, తూనికల చోటు, వంటశాల, కొట్లు వరుసగా నున్నవి. ఇల్లు జపాను పద్ధతి, నేలమీద గడ్డిచాపలు. ఆ చాపలమీద ఐరోపా కుర్చీలు, బల్లలు! రెండు దేశముల మర్యాదలు ఒక గదిలో సర్దుకొన్న తీరు చూచి నవ్వు వచ్చినది.

ఒక కొట్టులో చక్కెర మూటలు పేర్చియుంచిరి. డచ్చివారు తెచ్చిన సరుకులలో చక్కెర ముఖ్యము. ఇంకను పట్టు, లేడితోళ్ళు, మిరియములు, లవంగములు, అద్దకపు బట్టలు. దెజిమా దొరలు దినదినమును జరిగినదంతయు పుస్తకములలో వ్రాసి యుంచిరి. ఏ ఓడ యేనాడు వచ్చినది, ఏ సరుకు ఎంత దిగినది, ఏ దొరకు జ్వరము తగిలినది, అన్నియు నున్నవి. ఆ పుస్తకములు నేటికిని నిలిచియున్నందుననే మనకీ సంగతులు తెలియుచున్నవి. డచ్చి భాష నేర్చిన జపాను దుబాసీలు తరతరములుగ అక్కడ కొలువుండిరి. వైద్యము, జ్యోతిషము, భూగోళము ఆ కిటికీగుండనే దేశములోనికి పోయెను. శరీరనిర్మాణమును గూర్చిన డచ్చి గ్రంథ మొకటి 1774లో జపాను భాషలో వెలువడి వైద్యుల కన్నులు తెరచినది.

అచటి పాత బొమ్మలలో ఒకటి తరచు కనబడును. డచ్చి దొర టోపి పెట్టుకొని నడచుచుండును. వెనుక నల్లని సేవకుడొకడు అతనికి గొడుగు పట్టుకొని యుండును. ఈ సేవకులను బతావియానుండి, అనగా నేటి జకార్తానుండి, దొరలు వెంటబెట్టుకొని వచ్చిరి. వారిలో బానిసలు ఎక్కువ. 17వ శతాబ్దమున కరవులు వచ్చినప్పుడెల్ల మన తూర్పుతీరమునుండి మనుష్యులను చవుకగా కొని డచ్చివారు వేలకొలది బతావియాకు తరలించిరి. దొరల పేర్లన్నియు దినచర్యలలో నున్నవి. గొడుగు పట్టినవాని పేరు బొమ్మ గీసినవాడు అడుగలేదు. ఆ బొమ్మను దాటి పోవుటకు నాకు కాళ్ళాడలేదు.

ఇక మన బట్ట సంగతి. కలంకారీ యని మన మిప్పుడనునది నాడు బందరు చుట్టునున్న పేటలలో జనులకు బ్రతుకుదెరువు. నూలుగుడ్డను ఉదికి, కరక్కాయ రసమును బఱ్ఱెపాలను కలిపి నానవేసి యెండబెట్టుదురు. ఇనుపతుక్కును బెల్లపునీటిలో పులియబెట్టి నలుపు చేయుదురు. పటికనీటితో పూలు గీసి, చిరివేరు వేసి కాచిన నీటిలో ముంచినచో పటిక తగిలిన చోటెల్ల ఎఱ్ఱరంగు పట్టును. నీలి వేయవలసినప్పుడు అక్కరలేని భాగమును మైనముతో కప్పుదురు. ఇన్ని పనులలో నడుమ నడుమ పారుచున్న నీటిలో జాడించి ఇసుకమీద ఆరవేయుచుండవలెను. కృష్ణాతీరపు ఇసుకనేలలలో పెరిగిన చిరివేరు ఎరుపునకు పెట్టినది పేరు. ఎన్ని ఉదుకులు ఉదికినను ఆ యెరుపు పోదు. నూలుగుడ్డమీద అట్టి రంగును నిలుపు విద్య నాడు ఐరోపాకు లేదు, జపానునకును లేదు.

ఇట్టి బట్టను జపానువారు సరస యనిరి. మనకది పరుపుమీద పరచు దుప్పటి, గోడకు కట్టు తెర. వారికి ముక్క ముక్కయు నిధి. తేనీటి మర్యాదలకు వాడు పాత్రలను చుట్టుటకు చిన్న సంచులు కుట్టుకొనిరి. పొగాకు తిత్తులు, నడికట్టులు చేసికొనిరి. చినిగినను పారవేయక తునకలను పుస్తకములలో అంటించి దాచిరి. హికొనె ప్రభువులు దాచిన అట్టి తునకలు నాలుగువందలకు పైగా నేడు టోక్యో జాతీయ ప్రదర్శనశాలలో నున్నవి. 18వ శతాబ్దము చివర సరస నమూనాలు చూపు పుస్తకములే అక్కడ అచ్చయి అమ్ముడుపోయినవి. వారు చూచి నేర్చుకొని తమ సొంత అద్దకమును పుట్టించుకొనిరి. నాగసాకి పేరుతోను ఒక రకపు సరస వెలసెను.

చారల నూలుబట్ట యొకటి కలదు. దానికి జపానులో సంతోమె యని పేరు. మదరాసులోని మైలాపురమును బుడతకీచులు సెయింటు తోమె యనిరి. ఆ తీరమునుండి వచ్చిన బట్ట గనుక ఆ పేరు. ఎదో నగరపు వర్తకుడు సంతోమె తొడిగి షోకుగా తిరుగునప్పుడు తానొక తమిళ తెలుగు తీరపు పేరును ఒంటిమీద మోయుచున్నానని యెరిగియుండడు. ఇట్లే క్యోటో నగరమున యేటేట జరుగు గియోన్ ఉత్సవమున రథములకు కట్టు పాత తివాచీలలో కొన్ని మన దక్కను దేశమున నేసినవని తివాచీల శాస్త్ర మెరిగిన పండితులు తేల్చిరి. అవి రాజుల గదులకు నేసినవి. దేవుని రథములకు చేరినవి. మంచి చోటికే చేరినవనుకొంటిని.

ఒక మాట చెప్పక తప్పదు. మన బట్టలో పెద్దపాలు జపానునకు పోలేదు. జావా, సుమత్రా, మొలుక్కా దీవులలో మన బట్ట యిచ్చి డచ్చివారు మిరియములు, లవంగములు, జాజికాయ కొనెడివారు. జపానునకు పోయినది అందులో కొంచెమే. కాని ఆ బట్ట కొనుటకు మన తీరమున డబ్బు కావలెను. మన నేతగాడు వారి ఉన్ని గుడ్డలను, గాజు సామానును తీసికొని బట్ట ఇయ్యడు. వెండి బంగారములు చూపవలెను. ఆ వెండి బంగారములలో గొప్ప భాగము నాగసాకి రేవునుండి వచ్చెను. ఈ వర్తకపు గుట్టంతయు ఇందే యున్నది.

17వ శతాబ్దపు మొదట జపాను గనులలో వెండి విస్తారముగ పండెను. డచ్చివారు దానిని ఓడలకెత్తి మన తీరమునకు తెచ్చిరి. 1668లో జపాను ప్రభుత్వము డచ్చివారికి వెండి యెగుమతిని నిషేధించెను. అప్పటికే వారు కోబను లను బంగారు నాణెములను కొనుట మొదలుపెట్టియుండిరి. కోబను కోడిగ్రుడ్డు ఆకారమున పలుచని బంగారు రేకు. మన దక్షిణమున చెల్లునది బంగారు వరహా గనుక ఆ కోబనులకు ఈ తీరమే సరియైన గమ్యస్థానము. పులికాటు కోటలోని డచ్చివారి టంకసాలలో అవి కరగి వరహా లయ్యెను. ఆ వరహాలతో దళారి బయానా లిచ్చెను. నేతగాడు నూలు కొనెను. 1695లో జపాను ప్రభుత్వము కోబనులో బంగారు పాలు తగ్గించి కల్తీ చేయగా డచ్చివారి లాభము పడిపోయెను. అక్కడి ఖజానాదారు చేసిన పనికి ఇక్కడి పేటలలో బయానాలు ముడుచుకొని యుండుట సహజమే.

అటుపిమ్మట రాగి. 1691లో షికోకు ద్వీపమున బెస్షీ యను గొప్ప రాగిగని తెరచిరి. ఆ ఖనిజమును ఒసాకాలో శుద్ధిచేసి, వేడినీటిలో నుంచిన మూసలలో పోసి, జేనెడు కడ్డీలుగ తీసెడివారు. అందువలన వానికి చూడముచ్చటయైన ఎర్రని మెరుపు వచ్చును. దెజిమా కొట్టులో అట్టి కడ్డీలను చూచితిని. పెట్టెలో చెరకుముక్కలవలె పేర్చియున్నవి. 1715లో జపానువారు తమ లోహము తరిగిపోవుచున్నదని గ్రహించి డచ్చివారికి యేడాదికి రెండు ఓడలే యనియు, రాగి 15 లక్షల కిన్నులు, అనగా సుమారు 900 టన్నులు మించరాదనియు కట్టడి చేసిరి. ఆ రాగి సూరతు, బంగాళము, సింహళము, మన కోరమాండలు తీరము లన్నిట అమ్ముడుపోయెను. దుడ్లయ్యెను, చెంబులయ్యెను, బిందె లయ్యెను. పాత పాత్రలను కరగించి కొత్తవి చేయుట మన కంచరుల అలవాటు గనుక ఆ లోహము ఇంకను మన యిండ్లలో తిరుగుచునే యుండవచ్చునని నా యూహ.

నాగసాకిలో చూడదగినవి యింకను పెక్కు కలవు. చీనా వర్తకులు కట్టుకొన్న దేవాలయములలో సోఫుకుజి 1629 నాటిది. 1634లో చీనా సన్యాసి యొకడు కట్టించిన రాతివంతెనకు రెండు కమానులు. నీటిలో నీడతో కలిసి రెండు గుండ్రములై కళ్ళజోడువలె కనబడుటచే కళ్ళజోడు వంతెనయని పేరు వచ్చెను. 1982 జూలైలో వచ్చిన వరదకు నాగసాకి సీమ మొత్తమున, గల్లంతైనవారితో కలిపి, 299 మంది పోయిరి. ఈ వంతెనయు కొంత కొట్టుకొనిపోయెను. నదిలో దొరకిన రాళ్ళను ఏరి తెచ్చి ఎప్పటి చోట ఎప్పటి రాయిని నిలిపిరి. ఓరా చర్చి కడ వేరొక కథ. రెండువందల యేబది యేండ్లు గురువు లేక, గ్రంథము లేక, దొంగతనముగ తమ మతమును కాపాడుకొన్న పల్లెవాసులు 1865 మార్చి 17న ఆ కొత్త చర్చికి వచ్చి ఫ్రెంచి పాదిరీకి తమ గుట్టు చెప్పిరి. వారు ఊరికి ఉత్తరముననున్న ఉరకామి లోయవారు. 1873లో నిషేధము తొలగిన పిమ్మట ఆ లోయలో వారు తమ చేతులతో పెద్ద చర్చి కట్టుకొనిరి.

అణుబాంబు పడినది ఆ లోయమీదనే. ఆ యుద్ధము మన తీరమునకును తాకకపోలేదు; 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్నము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. మూడేండ్లు గడచిన పిమ్మట, 1945 ఆగస్టు 9న, అమెరికా విమానము కోకురా నగరమును వెదకి, పొగమబ్బులచే అది కనబడక, నాగసాకికి తిరిగెను. పగలు 11 గంటల 2 నిమిషములకు బాంబు పేలెను. ఆ యేడు ముగియునప్పటికి డెబ్బదివేలకు మించి జనులు మరణించిరి. ఉరకామి క్రైస్తవులు పండ్రెండువేలలో సుమారు 8,500 మంది పోయిరి. కొంపిరా యను కొండ అడ్డుపడుటచే దాని వెనుకనున్న పాత ఊరు చాలవరకు నిలిచెను. కొండ యీవల నున్నవారు బ్రతికిరి, ఆవల నున్నవారు కాలిపోయిరి. ఇనాసా కొండమీదనుండి చూచినప్పుడు ఆ చిన్న కొండను ఎవరో నాకు చూపించిరి. ఆ దినమున అది కొండగా నుండుట తప్ప వేరేమియు చేయలేదు.

సన్నో దేవాలయమునకు పోయితిని. బాంబు పడిన చోటికి 800 మీటర్ల దూరమది. రాతి తోరణము సగము విరిగి ఒంటికాలిమీద నిలిచియున్నది. దాని వెనుక రెండు కర్పూరపు చెట్లు. కాలి మొండెములై నిలిచిన ఆ చెట్లు కొలది కాలమునకే చిగిర్చెను. నేడు నలుగురు చేతులు పట్టుకొనినను చుట్టలేని మాను లవి. బాంబు వేడికి ఎగిరిపడిన రాళ్ళు మానులోపల చిక్కుకొనియే యున్నవట. శాంతివనమున 1955లో నిలిపిన పెద్ద విగ్రహము కంటె నాకు ఆ చెట్లే యెక్కువ చెప్పినట్లు తోచినది. విగ్రహము శిల్పి చేసినది. చెట్లు ఆ దినమున అక్కడ నుండినవి.

తిరుగుప్రయాణమున బందరు జ్ఞప్తికి వచ్చుచుండెను. రెండు రేవులకు చాల భేదము. నాగసాకికి లోతునీరు, కొండల కాపు. బందరునకు బురదతీరము, పెద్ద ఓడలు దూరముననే లంగరు వేసి పడవలతో సరుకు దింపవలెను. అడ్డము ఒక్క గుట్ట లేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి సుమారు ముప్పదివేలమంది నొక్కసారి తుడిచిపెట్టినది. ఆ దెబ్బకు ఊరు మరల తేరుకొనలేదు. కొండ లేకపోవుట మన తప్పు కాదు. కాని బందరుకోటలో చెక్కిన శిలలతో డచ్చివారి సమాధులున్నవి, వలందపాలెమున్నది, పెడనలో నేటికిని అద్దకము చేయువారున్నారు. బందరునకు పోయినవాడు హల్వా కొనుక్కొని తిరిగివచ్చును. వీనిని చూపువారు లేరు, అడుగువారును లేరు. నాలుగెకరముల దెజిమా కొరకు నాగసాకివారు పడిన శ్రమలో పదియవవంతు మనము పడినను మన మనుమలకు చూపుటకు కొంత మిగులును.

మా ఊరి ప్రక్కనున్న కందిలో హైదరాబాదు ఐ.ఐ.టి. కలదు. జపాను ప్రభుత్వపు సహాయముతో అక్కడ భవనములు లేచినవి. ఇక్కడి విద్యార్థులు చదువులకై జపానునకు పోయివచ్చుచున్నారు. వారిలో ఎవరైన నాగసాకికి పోయినచో దెజిమా కొట్టులో సరుకుల వరుసను నిదానముగ చూడవలెనని నా కోరిక. అక్కడివారి పని ఇంకను ముగియలేదు. నాలుగు దిక్కుల పూడ్చిన నేలను త్రవ్వి, ద్వీపము చుట్టును మరల సముద్రపునీరు త్రిప్పవలెనని పురపాలకుల సంకల్పము. దానికి ట్రాము బాటను, వీధులను, ఇండ్లను తొలగింపవలెను గనుక ఎన్నో యేండ్లు పట్టును. ఇప్పటికి ఒక వైపున మాత్రము వంతెన క్రింద కాలువలో నీరు పారుచున్నది.